ఫ్యాను జాగ

పరకాల నుంచి సుగుణ టీచరొచ్చింది,
ఎండకు కొంగు నెత్తిమీదేసుకొని.
"కొత్తదే, పానం బాగలేనట్టుంది సారంగం,
ఫ్యాను అస్సలు తిరుగుతలేదు, సూడు."

హన్మకొండ చౌరస్తా, మెట్లకింది దుకాణం.
మే నెలల ఈడ లాప్‌టాప్‌లన్నీ మొత్తుకుంటయి,
ఏది ఎంత అరిస్తే అంత బతికున్నట్టు లెక్క.
ఇదొక్కటే బల్లమీద సప్పుడు లేకుండ కూసున్నది
పరీక్ష రాసే పిల్ల లెక్క.

పది మరలు.
పోయినేడు మోడలుకు గూడ పదే.
అదే రేకు, అదే కీలు,
కీలు సందుల గాలి పోయేటందుకు అవే సన్నటి గీతలు.
మూత లేపిన.
బోర్డు నా అరచెయ్యంతే.
ఫ్యానుండే జాగల ఏం లేదు.
మర గుంతలు రెండు నోరు తెరుసుకొని ఉన్నయి,
ఎవలో ఇంక రావాల్సి ఉన్నట్టు.

"ప్రాసెసర్ మారింది టీచర్,
వేడి తక్కువ. ఫ్యాను పెట్టనే లేదు."
"మరి ఈ గీతలెందుకు?"
పాత అచ్చు పారెయ్య మనసొప్పలేదేమో,
అచ్చుకు పైసలు మస్తు పడతయి.
లేకుంటే మనం బెదురుతమని కావచ్చు,
లోపలంత మార్చినోడు
అంగీ మాత్రం పాతదే తొడిగిండు.

గిది చెప్తుంటే కొత్తవాడల మా ఇల్లు యాదికొచ్చింది.
గుంట మగ్గం పీకి స్టాండు మగ్గం పెట్టిన నాడు
మా నాయిన గుంటను పూడ్వనియ్యలే.
పీటమీద కూసున్నా గని
శానొద్దులు ఆయన కాళ్లు కిందికి దేవులాడేవి.
ఇప్పుడందుల ఉల్లిగడ్డలు పోస్తున్నం.

"సరే, మెమరీ అన్న పెంచు" అన్నది.
దీంట్ల గాట్లు లేవు టీచర్,
చిప్పుతోనే కలిపి అతికిండ్రు.
కొన్ననాడు ఎంతనో, పానం పోయేదాక అంతే.
అన్నంక నాకే ఎట్లనో అయింది.
ఇరవై ఏండ్లు నేను తిన్నది ఆ గాట్ల బువ్వనే.
సొరుగుల నూటాముప్పై ర్యాము పట్టీలున్నయి,
తాళంచెవులు.
తలుపులే యాడున్నయో తెల్వది.

మళ్ల పది మరలు బిగించిన.
"ఎంతియ్యాలె?"
ఏం చేసిన్నని తీసుకోను?

ఆమె ఇంక నమ్మలే.
లాప్‌టాప్‌ను ఎత్తి చెవికాడ పెట్టుకున్నది,
కండ్లు మూసుకొని.
"ఏమన్న ఇనవడుతుందా టీచర్?"
కొద్దిసేపు ఆగి
"బయట ఆటోలు" అన్నది.