చీలిన గోరు

రాజాం జూట్ మిల్లులో ఒక రాత్రి షిఫ్టు
మా నాన్న కుడిచేతి బొటనవేలి గోరుని
నిలువునా రెండుగా చీల్చింది.
మిల్లు మూసేశాక ఆయన ఇంటికి తెచ్చుకున్న బకాయి
అదొక్కటే.

ఆ ఎండాకాలం పెరటి రేకుల షెడ్డులో
ఒక గేసు సిలిండరు, రెండు గాబులు,
మాడ్చిన పంచదార వాసన,
పాతసామాన్ల కొట్టు నుంచి బస్తాల్లో వచ్చిన ఖాళీ సీసాలు.
అమ్మ కడిగేది.
నేను మూతలు బిగించేదాన్ని.
తమ్ముడు ముఖలింగం రుచి చూసేవాడు,
అవసరానికి మించి.

పేరొకటి పెట్టాలి కదా.
టీవీలో కొండల మీంచి దూకి మరీ తాగే ఆ నల్ల డ్రింకు పేరు
నాన్న నోట ఎలా పలికిందో
అలాగే రాశాడు పెయింటర్ కూర్మారావు:
'టమ్సు హప్పు'.
ఆ 'హ' మాత్రం మా సొంతం.
బొమ్మకి నమూనా ఏదన్నాడు.
ఎదురుగా ఉన్నది నాన్న వేలు.
కూర్మారావుకి అబద్ధం గీయడం రాదు,
చీలికతో సహా దించేశాడు.

చీపురుపల్లి నుంచి పాలకొండ దాకా
పెళ్లి పందిళ్లలో, సినిమా హాలు ఇంటర్వెల్లో
ఆ చీలిన గోరు పైకి లేచి
భలే భలే అనేది.

డబ్బులొచ్చాయి, కొన్ని.
విజయనగరం గంటస్తంభం దగ్గర
లింగానికి వీడియో గేమ్ కొన్నాడు నాన్న.
పెట్టె మీద జపాన్ పేరులాంటి పేరు.
పసుప్పచ్చ క్యాసెట్ మీద
తొమ్మిది వేల తొమ్మిదొందల తొంభై తొమ్మిది ఆటలు.
వాడు పరీక్షలు మానేసి లెక్కపెట్టాడు.
పదకొండు.
మిగతావన్నీ అవే.
ఆకాశం ఊదారంగైతే ఒక ఆట,
మీసాలోడికి మీసం తీస్తే ఇంకో ఆట.
మోసం నాన్నా, అని ఏడ్చాడు.
నాన్న చాలాసేపు మూతల గుట్టకేసి చూసి
"పదకొండున్నాయి కదరా" అన్నాడు.

సిరిమాను పండక్కి రికార్డింగ్ డాన్సు స్టేజీ మీద
పెద్ద హీరోకి డూపు ఎవరనుకున్నారు,
పగలంతా మా సీసాల లోడు మోసిన పొట్టి శిమ్మన్న.
కళ్లజోడు గాల్లో తిప్పి పెట్టుకున్నాడో లేదో
ఈలలు.
జనానికి తెలీదా?
తెలిసే వేశారు.

తర్వాత జీపు వచ్చింది.
విశాఖపట్నం నుంచి కంపెనీ లాయరు, వెనకాల ఎస్సై.
వాళ్ల సీసా, మా సీసా బల్ల మీద పక్కపక్కన,
పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు.
ఈ బొటనవేలు మా కంపెనీది, అన్నాడు లాయరు,
ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి.
నాన్న చెయ్యి చాచాడు.
"నాది బావూ. సూడండి.
మీ యేలికి ఈ దెబ్బ ఉన్నాదేటి?"
ఎస్సై నవ్వు దాచుకోడానికి అటు తిరిగాడు.
అయినా లేబుళ్లు తగలబెట్టక తప్పలేదు.
జిగురు పొగ మూడు రోజులు
ఆరేసిన బట్టల్లో ఉండిపోయింది.

నాన్న అరటిపళ్ల బండి పెట్టాడు.
అరటిపండుకి నకలు చెయ్యలేరని
అమ్మ ధైర్యం.

రెండేళ్ల తర్వాత బొబ్బిలి సంతలో
మోగని బుల్లి వీణలమ్మే కొట్టు పక్కన
ఐసు తొట్టిలో పీకల దాకా మునిగి ఒక నల్ల సీసా.
పేరు 'టమ్సు హబ్బు'.
కింద బొటనవేలు.
గోరు నిలువునా రెండుగా చీలి.

ఎవడో సాలూరువాడట.
మాదే అసలనుకున్నాడు కాబోలు,
ఎందుకుందో తెలీని గీతని కూడా
భక్తిగా ఎత్తి రాసుకున్నాడు.

కేసెడదాం, అని లింగం పళ్లు కొరికాడు.
నాన్న రెండు సీసాలు కొన్నాడు.
లేబులు పక్కన తన వేలు ఆనించి
అద్దంలో చూసుకున్నట్టు చూసుకున్నాడు.
ఎత్తిన సీసా దించకుండా సగం తాగి
మూతి తుడుచుకున్నాడు.

"గేసు బాగానే కట్టినాడు" అన్నాడు,
"పంచదార కాడే కక్కుర్తి పడిపోనాడు."