ఎనిమిది కేజీల గాలి

రాయగడ దాటాక టికిరి వైపు తిరిగే మలుపులో
బాక్సైట్ టిప్పర్ దానంతటదే నిలబడిపోయింది.
నకుల ఖొరా కిందికి దూకి
రెండు చేతులూ తిప్పి "పవన నాహిఁ" అన్నాడు.
ఆ పవనం మాకు పద్యాల్లో వీస్తుంది.
లారీ కింద పడుకునేవాళ్ళం గాలే అంటాం.

చక్రాలకి రాళ్ళు పెట్టించి, బీడీ చెవిలో దోపి
పారినాయుడు మేస్త్రి టాంకీ కింది ఉంగరం లాగాడు.
బుస్సుమనాల్సిన చోట
నల్లగా, చిక్కగా, కషాయంలా కారింది.
"ఇదేటి బావూ, గాలి టాంకీయా, ఆముదం డబ్బావా?
నీల్లు తీసి ఎన్నాల్లయినాది?"
నకుల వేళ్ళు లెక్కపెట్టబోయి మానేశాడు.
ట్రిప్పుకింతని కూలి.
ఉంగరం లాగినందుకు ఎవరిస్తారు?

కంప్రెసర్ దించడానికి ఒక పూట.
నాలుగు బోల్టుల్లో మూడు మాట విన్నాయి.
నాలుగోదానికి డీజిల్ పోసి, టీ తాగొచ్చి,
మళ్ళీ పోసి, మేస్త్రి దాని వంశాన్నంతా తలుచుకున్నాక
కిర్రుమంది.
రింగులు అరిగిపోయాయి. సిలిండర్ గోడ మీద
గోరు దిగేంత గీత.
డెలివరీ పైపులో మసి గడ్డకట్టి
అగ్గిపుల్ల దూరే సందు.
ఇన్నాళ్ళూ ఆ సందు నమ్ముకుని
పదహారు టన్నుల రాయి ఘాటీ దిగింది.

పార్వతీపురం బస్సు టాపు మీద గోనెలో కొత్తది వచ్చింది.
"గుంటా, ఎక్కించే ముందు దాని నోట్లో నూనె పొయ్యి.
ఎండు గొంతుకతో ఎవుల్నీ పన్లోకి దింపకూడదు."
పోశాను. గేరు పళ్ళు పళ్ళలో కూర్చున్నాయి.

గాలి లేకపోతే బ్రేకు పడకూడదు గదా,
మరి కదలనంటుందేటి? అన్నాను.
మేస్త్రి వెనక చక్రం తట్టాడు.
"లోన స్ప్రింగుంది. పట్టుకోడమే దాని బుద్ధి.
గాలెల్లి బతిమాల్తేనే ఒగ్గుతాది."

స్టార్ట్ చేశాం. ముల్లు రెండు దగ్గర వణికింది.
నాలుగు. బజర్ ఏడుస్తూనే ఉంది.
అయిదు దగ్గర ఊరుకుంది.
ఆరు దగ్గర చాలాసేపు.
నకుల ముల్లుని చూడటం మానేసి మా మొహాలు చూస్తున్నాడు.
ఎనిమిది.
వాల్వు ఛీత్‌మని తుమ్మింది.
"చిరంజీవ!" అన్నాడు మేస్త్రి.

డబ్బులు సగమే తేలాయి.
మిగతా సగం రాసుకుని, మేస్త్రి
నకుల చూపుడువేలికో పాత వాషర్ తొడిగాడు:
"పొద్దున్నే దీన్ని సూసి, అదిగో, ఆ ఉంగరం లాగు."

బాకీ కట్టడానికి వానల్లో వచ్చాడు.
వేలికి వాషర్ లేదు.
వాళ్ళు టీకి వెళ్ళినప్పుడు
నేను బండి కిందికి దూరి ఉంగరం లాగాను.
పొడి గాలి
చెంప మీద కొట్టింది.