రిమార్కుల గడి

బిల్లింగ్ కౌంటరు మూడు నాది.
బెంగళూరులో, హోసూరు రోడ్డు మీది గుండె ఆసుపత్రి.
అద్దానికి అడుగున అర్ధచంద్రంలా కోసి ఉంటుంది.
అందులోంచి డబ్బు లోపలికొస్తుంది, రసీదు బయటికి పోతుంది.
మాటలు మాత్రం అద్దానికి తగిలి
సగమే చేరతాయి.

ఆయన పేరు బ్యారుహంగా, ఉగాండా నుంచి.
పొడవైన మనిషి.
నాతో మాట్లాడాలంటే నడుం వంచి
చెంప బల్లకు ఆనించాలి.
కూతురికి తొమ్మిదేళ్లు, గుండెలో ఒక కవాటం సరిగా మూసుకోదు.
పక్కన మేనల్లుడు కటూరెబె,
యెలహంకలో ఫార్మసీ చదువుతున్నవాడు,
మామ మాటను మాకు అందేలా మారుస్తాడు.

మొదటి వాయిదా కట్టి ఆయన ఏదో అన్నాడు.
మేనల్లుడు కాస్త సిగ్గుపడి,
"ఇది బిహోగో అంటున్నాడు మేడం.
పేరు రాసుకోమంటున్నాడు."

ఫోను అద్దానికి ఆనించి చూపించారు.
ముందు నాకు ఆవు కనబడలేదు,
కొమ్ములే.
ఆకాశాన్ని చేటలో పోసుకుని
చెరగడానికి ఎత్తినట్టున్నాయి.
వాటి కింద, ఎక్కడో, ఆరిన నెత్తురు రంగులో
ఓర్పుగా ఒక మొహం.

రెండో వాయిదా ఎన్గాబో, మచ్చలది.
మూడోది క్యాషా, నుదుట తెల్ల బొట్టు.
"మా నాయన దీన్నే చుక్కావు అంటాడు" అన్నాను.
"చుక్కా," అన్నాడాయన,
పక్క మందలోని ఆవు పేరు పలికినట్టు.

ఎన్ని ఉన్నాయని అడిగాను.
లెక్కపెట్టరట.
సాయంత్రం దొడ్డి వాకిట్లో నిలబడితే
రానిదెవరో తెలిసిపోతుందట.
పాలు తక్కువే,
పొగవేసిన చెక్క ముంతలో పోస్తే గడ్డపెరుగంత చిక్కన.
పక్కవాళ్లంతా నలుపూ తెలుపూ సీమావులకు మారారు.
వాటికి బోరు నీళ్లు, సూదులు,
వానల్లేని ఏడు మూడో రోజు నడకకే కూలబడతాయి.
ఇవి నడుస్తాయి.
పిల్లనడగాలంటే ఇవి,
తగువు తెగాలంటే ఇవి.
చనిపోయిన వాళ్ల నాయన గురించి చెప్పడం మొదలెట్టినా
రెండో మాటకే ఆయన ఆవు దగ్గరికొచ్చేశాడు.

వెనక క్యూలో ఎవరో దగ్గారు.

మాది ఆనేకల్ పక్క పల్లె.
హళ్ళికార్ కోడెల జత ఉండేది,
పుల్లోడు, మైలోడు.
వెనక్కి వాలిన కొమ్ములకు నాయన నూనె రాసేవాడు,
మా తలలకు కొబ్బరినూనె లేని రోజున కూడా.
నా బీకాం చివరి ఏడాది ఫీజుకు
సంతలో పలుపు చేతులు మారింది.
ఆ రసీదు ఇంకా ఉంది నా దగ్గర.
నా పేరుంది, కాలేజీ ముద్ర ఉంది,
ఆ రెండు పేర్లు లేవు.

మా సాఫ్ట్‌వేర్‌లో రిమార్కులని ఒక గడి.
ఎవరూ నింపరు.
బిహోగో అని కొట్టాను.
ఎన్గాబో. క్యాషా. ఇంకా నాలుగు.

నెలాఖరున ఆడిటరు అడిగాడు,
"ఎవరమ్మా ఈ బిహోగో? పేషెంటు బంధువా?"
"అవును సార్" అన్నాను.
"దగ్గరి బంధువు."

డిశ్చార్జి రోజు
పద్దెనిమిది వేల చిల్లర తిరిగివ్వాల్సి వచ్చింది.
నోట్లు చూసి ఆయన అడిగాడు,
దీనికి ఎంత ఆవు వెనక్కొస్తుందని.
నేను నిజంగానే లెక్కేశాను.
"ఒక కొమ్ము రావచ్చు."
కౌంటరు అదిరేలా నవ్వాడు.
కొమ్మొకటి చాలునట,
ఊదుకుంటూ ఇంటికి పోతాడట.

పిల్ల వీల్‌ఛైర్ దిగి నిలబడింది.
మెడ కింద నిలువునా కట్టు.
వాళ్ల ఆటలో చేతులే కొమ్ములవుతాయట,
నాకు చూపించాలని ఎత్తబోయింది.
నర్సు పట్టుకుంది: ఆరు వారాల దాకా
చేతులు భుజం దాటకూడదు.

పిల్ల ఒక్క క్షణం ఆలోచించి
మోచేతులు పక్కలకు ఆనించి
వేళ్లు మాత్రం పైకి విప్పింది.
అప్పుడే మొలిచిన
దూడ కొమ్ములంత.