వాలు

మూడేళ్లు గోడకే మందు పూశాను.
మొదటి ఏడు తెల్లది, డబ్బా మీద గొడుగు బొమ్మ.
రెండో ఏడు బూడిదరంగుది, కిలో ఆరువందలు.
మూడో ఏడు విసిగిపోయి
గోడకు అడ్డంగా బీరువా జరిపాను.
దాని వెనకాల సున్నం
నూనెలో పడ్డ అప్పడంలా పొంగుతూనే ఉంది.

మత్తికెరెలో, మా ఇంటి సెల్లారులో నా బైండింగ్ పని.
కాలేజీ రికార్డులు, వకీళ్ల ఫైళ్లు, చిట్టీల లెక్కలు.
మైదా జిగురు నాలుగు రోజులకీ ఆరదు.
బండరాయి కింద పెట్టిన అట్ట కూడా వంకర తిరుగుతుంది.
ఒకాయన తన థీసిస్ ముక్కు దగ్గర పెట్టుకుని
తల పక్కకు తిప్పుకున్నాడు.
డబ్బు వెనక్కి అడగలేదు.
అదే ఎక్కువ గుచ్చుకుంది.

కుప్పం మేస్త్రీ చెంగల్రాయుడు
గోడ తట్టి చూస్తాడనుకున్నాను.
అసలు మెట్లే దిగలేదు.
ఇంటి చుట్టూ ఒక చుట్టు తిరిగి
జేబులోంచి గాజు గోలీ తీసి
ప్రహరీ పక్కన గచ్చు మీద వదిలాడు.
అది కాసేపు ఆలోచించుకుని
దొర్లుకుంటూ వచ్చి
మా గోడకే ఠక్కున కొట్టుకుంది.

"చూస్తివామ్మా, నీళ్లకి నువ్వే దోవ చూపిస్తా ఉండావు.
లోపల ఎన్ని మందులు పూస్తే ఏమొస్తాది?"

మేడ మీది గొట్టం
పునాది మొదట్లోనే నోరు తెరుచుకుని ఉంది.
పక్కనే కరివేపాకు చెట్టు.
రోజూ రెండు బిందెలు పోసేది నేనే.

గొట్టానికి ఎనిమిదడుగులు అతికించాం.
గోడ వెంట జానెడు మట్టి ఎత్తి దిమ్మిస కొట్టాం.
కరివేపాకును గేటు పక్కకు మార్చాం.
అది ఇంకా అలకలోనే ఉంది.
మళ్లీ గోలీ వదిలితే గేటు వైపు పరుగెత్తింది.
నేను చప్పట్లు కొట్టాను.

ఆ రాత్రే వడగళ్లతో వాన.
సెల్లారు నేల మీద పరిచిన పాత పేపరు
పొద్దుటికి కూడా కరకరలాడింది.

ఆ సంతోషంతోనే గేటు తీశాను.
పల్లపు ఇంటి నింగమ్మ
గడపలోంచి నీళ్లు చీపురుతో తోస్తోంది.
ఎర్రటి నీళ్లు.
మేం ఎత్తి పోసిన మట్టి రంగు.
"తిండి ఆయ్తా?" అంది, రోజూ అడిగినట్టే.
చీపురు మాత్రం ఆగలేదు.

రాయుడికి ఫోను చేశాను.
"గోలీ గేటు దాటి ఎక్కడికి పోయిందో
మనం చూడలేదయ్యా."
అవతల చాలాసేపు మాట లేదు.
"గుంత తవ్వాల్సిందేమ్మా."

కటింగ్ మిషను కోసం దాచిన డబ్బు
పదడుగుల లోతుకు దిగింది:
సిమెంటు ఒరలు, గులకరాళ్లు, కంకర.
నింగమ్మ కాఫీ తెచ్చి, అంచున నిలబడి
లోపలికి తొంగి చూసింది.
రాయుడు వదిలిన గోలీ
ఆమె చెప్పుల పక్కగా వెళ్లి గుంతలో పడింది.
టంగుమని ఒక్క చప్పుడు, అంతే.
"పోనీలే, మా మనవడి కాడ ఇంకా ఉండాయి."

పాత మిషనుకే నూనె వేసుకుంటున్నాను.
గోడ నెమ్మదిగా ఆరుతోంది.
బీరువా వెనక మూల ఒక్కటి
ఇప్పటికీ చల్లగానే ఉంది.
జిగురు గిన్నె అక్కడ పెట్టుకున్నాను,
తొందరగా ఎండిపోకుండా.