ఇంటూ రెండు వందల పదిహేను

సాలిం అర్బాబ్ నాకు తొంభై రియాళ్లు బాకీ.
కారవాన్ ఏసీ బాగుచేసిన, ఇన్వర్టర్ మార్చిన,
పైకప్పు కారుడు ఆపిన.
రెండు నెలలు "బుక్రా, బుక్రా" అన్నడు.
మూడో నెల తాళంచెవి చేతుల పెట్టిండు.
"పైసల్లేవు. బండి తీస్కపో, నాలుగు రోజులు.
సలాలాల వాన పడ్తున్నది."

సినిమావోళ్లు షూటింగుల కూసునే బండి అది.
లోపల మంచం, పొయ్యి, అరచేతంత అద్దం.
మడిస్తే గోడ, తెరిస్తే బల్ల.
సువర్ణ చుట్టూ చూసి అడిగిన మొదటి మాట,
"నీళ్లు ఎన్ని లీటర్లు పడ్తయ్?"
రెండో మాట, "నీ తొంభై ఇగ రానట్టేనా?"

పదహారేండ్లాయె నేను మస్కట్ల.
ఏ వస్తువునూ దాని ధరకు కొనలే.
చాయ్ నూరు బైసలు, అంటే ఇరవై ఒక్క రూపాయి.
చెప్పులు నాలుగు రియాళ్లు,
ఎనిమిది వందల అరవై, వద్దు.
కడుపునొప్పికి పది రియాళ్లు, రేపు చూద్దాం.
ప్రతి బుక్కా మెట్‌పల్లి దాకా పోయి
గుణకారం చేయించుకొని వచ్చినంకనే గొంతు దిగేది.
వచ్చిన కొత్తల ఎక్కం చిన్నది, నూట ఇరవై.
రియాలు పెరిగినకొద్దీ నా ఆకలి తగ్గింది.

నిజ్వా దాటినం. ఆదమ్ దాటినం.
ఇగ రెండు దిక్కులా ఏం లేదు.
ఏం లేనిదాన్ని దాటెటందుకు గూడ డీజిల్ కాలుతది.
ముల్లు కిందికి జారుతుంటే
నా పెదాలు కదిలినయి.
"జపం చేస్తున్నవా?" అన్నది సువర్ణ.
"గుణిస్తున్న."
"జరంత ఆపు. ఈ ఎడారి నీ దగ్గర ఎక్కాలు నేర్వ రాలే."

హైమాల, పెట్రోల్ బంకు పక్క,
లారీల నడుమ రాత్రి ఆగినం.
చాయ్ మరుగుతుంటే యాలకుల వాసన కిటికీ దాటింది.
ఎవరో తలుపు కొట్టిన్రు.
"భయ్యా, ఏక్ చాయ్."
ఆర్మూర్ పోశెట్టి, ట్రెయిలర్ డ్రైవరు.
మా ఇంటిని హోటలనుకున్నడు.
"దుకాణం కాదు" అని నేను అనేలోపు
ఆమె గ్లాసు అందించింది.
మన మాట విని వాడు నవ్విండు,
నవ్వి, లారీల దిక్కు ఈలేసిండు.

పదకొండు చాయ్‌లు. పాలపొడి డబ్బా ఖాళీ.
పది మంది నూరేసి బైసలు బల్ల మీద పెట్టి పోయిన్రు.
పోశెట్టి పెట్టలే.
"ఆడబిడ్డ చేతి చాయ్‌కి పైసలేంది?" అన్నడు.
పోయేటప్పుడు మా ట్యాంకు తట్టి చూసి
తన డబ్బాలకెళ్లి ఇరవై లీటర్ల నీళ్లు వంచిండు.

సువర్ణ నోటుబుక్కు తెరిచింది.
ఖర్చు దిక్కు పాలపొడి.
జమ దిక్కు ఒక రియాలు.
నీళ్లకాడ పెన్ను ఆగింది.
"ఇవి ఎటు రాయాలె?"
నాకూ తెలువదు.

తుమ్రైత్ దాటి ఘాటు దిగుతుంటే
అద్దం మీద తడి. తుడిచిన. మళ్లా తడి.
మబ్బు రోడ్డు మీదనే నడుస్తున్నది,
దాని వెనక ఒంటెలు, మోకాళ్లదాకా పచ్చగడ్డి.
బండి పక్కకు ఆపి కిటికీ తెరిచినం.
ఆమె చెయ్యి బయటపెట్టి కూసున్నది,
ఎవరో ఏదో ఇస్తమన్నట్టు.

ఎంతసేపటికో యాదికొచ్చింది,
పొద్దటి సంది నేనేమీ గుణించలేదని.
యాదికొచ్చుడే తప్పయింది.
తొంభై ఇంటూ రెండు వందల పదిహేను,
పందొమ్మిది వేల మూడు వందల యాభై,
దాన్ని నాలుగు రోజులకు పంచితే, గంటకు…
ఆమె తడి చెయ్యి తెచ్చి నా మెడ మీద పెట్టింది.
లెక్క అక్కడ్నే తెగింది.

మస్కట్ల తాళంచెవి తీసుకుంటూ
సాలిం పొయ్యి కిందికి వంగి చూసిండు.
"గ్యాస్ అయిపోయింది. మూడు రియాళ్లు."
నవ్వొచ్చింది. ఇచ్చిన.
మూడంటే మూడే, మూడు కాయితాలు.

ఆ రాత్రి సువర్ణ నిద్రపోయినంక
గోడదిక్కు తిరిగి, పెదాలు కదలకుంట,
ఆరు వందల నలభై ఐదు.