గోడల కూలి

మా ఇంట్లో అద్దెని రూపాయల్లో లెక్కపెట్టం.
పిక్క కొట్టి తీసిన జీడిపప్పు కిలోకి ఇరవై రెండు.
రెండువేల రెండొందలంటే వంద కిలోలు.
అమ్మ రోజుకి పది తీస్తుంది గనక
నెలలో మొదటి పది రోజుల కూలీ
కాశీబుగ్గ పాత రేషను డిపో సందులో
ఒక గదికీ, అర వసారాకీ,
నాలుగిళ్ళకి ఒకటే అయిన మరుగుదొడ్డికీ.
పదకొండో రోజు నుంచి మాకు.

లెక్క రాసేది నేను. ఇంటరు మొదటేడు, ఎంపీసీ.
నోటుబుక్కు వెనకనుంచి మొదలుపెట్టాను,
ముందునుంచి వస్తున్న త్రికోణమితి
ఎప్పుడో ఒకరోజు దీన్ని గుద్దుకుంటుంది.

మొన్న ఆదివారం ఇల్లుగలామె దమయంతి గారు
ముగ్గు గిన్నె చేత్తో పట్టుకునే వచ్చింది:
"తవిటమ్మా, వొచ్చే నెల్నించి రెండేలేడొందల యాభై.
నానేటి సేసేది? ఎదర మేడమీద
ఆసుపత్రి నర్సమ్మలు ఐదేలిచ్చి దిగినారు.
తుపానుకి లేచిపోయిన రేకుల అప్పు
నాకింకా తీరనేదు."

అబద్ధం కాదు. ఆ రేకులు లేచిపోయిన రాత్రి
ఆమే మేమూ ఒకే మంచం కింద ముడుచుకున్నాం.
ఆ ఆసుపత్రీ మా మావయ్యలాంటి వాళ్ళ కోసమే కదా,
వారానికి రెండుసార్లు రక్తం కడిగించుకుని
ఉద్దానం బస్సులో కిటికీకి తల ఆన్చి వెళ్తాడు.
ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియక
భాగహారం చేశాను.
నూట పాతిక కిలోలు. పన్నెండున్నర రోజులు.
ఆ అర రోజు దగ్గర పెన్ను ఆగింది.

గదులు చూడ్డానికి తిరిగాం.
రైలు గేటు అవతలది, నీళ్ళు లేవు, మూడువేలు.
సూదికొండ వైపుది బాగుంది,
నేను అప్పుడే నా పుస్తకాలు ఏ గూట్లో పెట్టాలో చూసుకున్నాను,
మూడు నెలల అడ్వాన్సన్నారు.
ఇంకోచోట ఒకావిడ మజ్జిగ ఇచ్చింది,
గ్లాసు అందుకున్న అమ్మ చేతులు చూసి
"జీడిపిక్కల పనా? గోడలు పాడైపోతాయమ్మా" అంది.
మజ్జిగ తాగే వచ్చాం.

గోడల మాట నిజమే.
మా స్విచ్చుబోర్డు చుట్టూ అమ్మ వేళ్ళు
నల్లగా, ఒకదానిమీద ఒకటి, ఏడేళ్ళవి.
ఖాళీ చేసిన్నాడు సున్నానికని
అడ్వాన్సులో నాలుగొందలు పట్టుకుంటారు.
అవే వేళ్ళు సచివాలయంలో
ఇంటిస్థలం కోసం పెడితే
మిషను ఎర్రగా వెలిగి, మళ్ళీ ప్రయత్నించమంది.
"ఆముదం రాసి కడుక్కు రామ్మా" అన్నాడు కుర్రాడు.
రాసింది. కడిగింది. బూడిద పెట్టి తోమింది.
ఒక పూట కూలి పోగొట్టుకుని మళ్ళీ వెళ్ళింది.
మళ్ళీ ప్రయత్నించమంది.

నిన్న సాయంత్రం అమ్మ
దమయంతి గారి గుమ్మంలో గంటసేపు కూర్చుంది.
ముందు మోకాళ్ళ నొప్పుల గురించి,
తరవాత ఈ ఏడు పనసకాయల ధర గురించి మాట్లాడుకుని
అద్దె మాట ఆఖర్న తీశారు.
"పోనీ, రెండేలారొందలు.
నెలకో కేజీ ముక్కపప్పు తేకూడదేటి?"
"గేటుకాడ కొంగు దులుపుతారమ్మా" అంది అమ్మ,
కాసేపాగి,
"దులపకపోయినా తేను."
వసారాలో దోమలు తప్ప ఏదీ మాట్లాడలేదు.
"సర్లే" అందామె. "రెండేలారొందలే ఇయ్యి."

రెండువేల ఆరొందలు బై ఇరవై రెండు.
నూట పద్దెనిమిది, శేషం నాలుగు.
చుక్క పెట్టి ముందుకెళ్తే
ఒకటి, ఎనిమిది, ఒకటి, ఎనిమిది,
ఒకటి,
కాగితం అంచు వచ్చేసింది.

"ఎంతొచ్చినాదే?"
"ఇంకా వస్తోందమ్మా."
"రానీ. లైటార్పీ, యూనిట్టు పది రూపాయలు."