రెండేసి పేజీల దూరం

క్లైపెడా రేవు నుంచి ఇసుకతిన్నెల ఒడ్డుకి
ఫెర్రీ మీద ఏడు నిమిషాలు.
టికెట్లు చూసేసరికి మూడు పోతాయి.
మిగిలిన నాలుగింటిలో
రెండు పేజీలు చదవగలను,
గ్లవ్స్ తీస్తే.

ఆ నవల్లో కుర్రాడు
నలభయ్యో పేజీలో ప్రాణం తీసుకుంటాడని
అట్ట వెనకే రాసుంది. దాపరికం లేదు.
అయినా ముప్పై ఎనిమిది దగ్గర పుస్తకం మూసి
మూడు రోజులు సంచీలోనే మోశాను.
నేను పేజీ తిప్పనంత కాలం
వాడు వంటింట్లో నిలబడి
ఉల్లిపాయ పొట్టు తీస్తూనే ఉంటాడు కదా అని.

నాలుగో రోజు పొగమంచు. ప్రయాణికులు ఆరుగురే.
తిప్పాను.

రచయిత మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.
కారణం రాయలేదు మహానుభావుడు!
ఒక్క వాక్యం. తలుపు చప్పుడు. ఆ తర్వాత
మూడొందల పేజీల నిండా తల్లి,
వాడి బూట్లలో ఇసుక దులపాలా వద్దా అని.

ఉత్తరం కోసం వెతికాను.
వెనక్కి తిప్పి, ముందుకి తిప్పి,
అధ్యాయాల మధ్య తెల్ల కాగితాల్లో కూడా.
అచ్చం మేం వైదోతాస్ జేబులు వెతికినట్టు.
మా అన్న జేబులో దొరికినవి:
ఆ ఏడాది చివర చెల్లకుండా పోయిన ఒక లీతా నాణెం,
లాండ్రీ రసీదు.
కోటు గురువారం ఇస్తామని.

గురువారం కోటు తెచ్చుకుందామనుకున్న మనిషి
మంగళవారం
ఇక్కడ నాకూ వాక్యం పూర్తి కాదు.
ఆ రచయితని అనవసరంగా తిట్టాను, పాపం.

పడవ నడిపే రిమ్వీదాస్ అడిగాడు:
"ఎవరు పోయారు గియెద్రె, ఆ ఏడుపేంటి?"
"ఎవరూ లేరు. పుస్తకంలో."
"ఓస్, పుస్తకంలోనా" అని
థర్మాస్ మూతలో టీ పోసి చేతిలో పెట్టాడు.
చక్కెర మూడు ముద్దలు.
పుస్తకంలో చావుకి ఎవరూ అంత తీపి కలపరు.

అన్న పోయినప్పుడు నేను ఏడవలేదు.
కప్పులు లెక్కపెట్టాను.
వచ్చినవాళ్ళు నలభై ముగ్గురు, కప్పులు ముప్పై.
కడగటం, తుడవటం, మళ్ళీ పోయటం.
పదకొండేళ్ళుగా ఆ లెక్కలోనే ఉన్నాననుకుంటా.
ఎక్కడి నుంచో ఓ అచ్చక్షరాల కుర్రాడొచ్చి
నా చేతిలో కప్పు లాక్కున్నాడు.

నూట పన్నెండో పేజీ
తడిసి, ఆరి, ఉబ్బి ఉంది
నా కన్ను దాని మీద పడకముందే.
అంచున పెన్సిల్‌తో చిన్న గీత.
ఎవరు?
ఊరెంతని.
ఆ రోజు టికెట్లు సరిగ్గా చూడనేలేదు,
చేతులు చూశాను.
పొగబెట్టిన చేపల బుట్ట మోసే చేతులు,
సైకిల్ హ్యాండిల్ మీద చలికి పగిలినవి,
బడిపిల్ల సిరా వేళ్ళు.
వీళ్ళలో ఎవరో
ఈ పేజీ దగ్గర నాకంటే ముందు ఆగారు.
ఆగి, ముగించి,
గడువు దాటకుండా తెచ్చి ఇచ్చారు,
లైబ్రరీ మెట్లెక్కి,
కౌంటర్ దగ్గర వరుసలో నిలబడి.

చివరి అధ్యాయం ఇంకా చదవలేదు.
చదవనేమో కూడా. రేపు ఇచ్చెయ్యాలి.

ఈ తెల్లవారుజామున బీరువా తీసి
కోటు మీది ప్లాస్టిక్ కవరు చింపాను.
భుజాల దగ్గర నాకు వదులు.
కుడి జేబులో లాండ్రీ వాళ్ళు చూడని చిల్లు,
వేలు దూరి లోపలి గుడ్డకి తగులుతోంది.
బయట మైనస్ పదకొండు.
మొదటి ఫెర్రీ అయిదున్నరకి.